మచ్చపడని ఉక్కు

సికింద్రాబాదులో దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్ పేరిట వెలసిన పేట రాంగోపాల్‌పేట్. దానిని ఆనుకొని ఉన్న రాణిగంజ్ వీధులు లోహవస్తువుల వ్యాపారానికి ప్రసిద్ధి. గొట్టాలు, రేకులు, కవాటాలు, మరలు, మోటార్లు దుకాణాల గడప దాటి కాలిబాట మీదికి వచ్చి నిలుస్తాయి. వాటి నడుమ వెండిని తలపిస్తూ మెరిసేది స్టెయిన్‌లెస్ స్టీలు. ఆ మెరుపును చూసి మంచిచెడ్డలు నిర్ణయించడం మాత్రం సాధ్యం కాదు.

చిన్న భోజనశాల పెట్టదలచిన ఒక వ్యక్తి వంటగట్టుకు రేకు కొనడానికి ఈ బజారుకు వచ్చాడనుకోండి. “సేఠ్, ఇది త్రీ నాట్ ఫోరేనా?” అని అడుగుతాడు. అవుననే సమాధానం వస్తుంది. నమ్మకం చాలక జేబులోని అయస్కాంతాన్ని తీసి రేకుకు ఆనించి చూస్తాడు. అంటుకోదు. తృప్తిపడి, అప్పు తెచ్చిన సొమ్ము చెల్లించి వెళతాడు. కొన్ని నెలలు గడిచేసరికి ఉప్పునీరు నిలిచే మూలల్లో గోధుమవన్నె చుక్కలు పొడసూపుతాయి. అయస్కాంతం అబద్ధమాడలేదు. అయితే అతని సందేహం తీర్చే శక్తి దానికి లేదు.

ఈ చిక్కు విడివడాలంటే ఆ లోహస్వభావం తెలియాలి. సాధారణమైన ఇనుముకు ప్రాణవాయువు, తేమ తోడైతే తుప్పు పుడుతుంది. ఆ తుప్పు పెళ్లలుగా రాలిపోతూ లోపలి ఇనుమును మళ్లీ గాలికి వదిలివేస్తుంది. ఉక్కులో కనీసం పదిన్నర శాతం క్రోమియం కలిస్తే కథ మారుతుంది. క్రోమియం కూడా ప్రాణవాయువుతో కలుస్తుంది గాని, అప్పుడు ఏర్పడే పొర రాలదు. ఉపరితలాన్ని గట్టిగా అంటిపెట్టుకొని కాపలా కాస్తుంది. దాని మందం తలవెంట్రుక మందంలో పదివేలవ వంతు కూడా ఉండదు. గీత పడినా, గాలి సోకినంతనే అది తనంతట తానే పూడుకుంటుంది. దానికి ప్రబల శత్రువు ఉప్పు. ఉప్పులోని క్లోరైడు ఆ పొరను అక్కడక్కడ ఛేదించి సూదిమొనంత గుంటలు చేస్తుంది. ఊరగాయకు నేటికీ జాడీయే మేలు.

1912లో జర్మనీలోని క్రుప్ సంస్థ శాస్త్రజ్ఞులు క్రోమియం, నికెల్ కలిసిన ఉక్కును రూపొందించారు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తుపాకి గొట్టాల అరుగుదలను అరికట్టే ప్రయత్నంలో సుమారు 13 శాతం క్రోమియం గల ఉక్కును తయారుచేశాడు. అతడు దానిని ‘తుప్పుపట్టని ఉక్కు’ అన్నాడు. వినెగర్‌తో పరీక్షించి ‘మచ్చపడని ఉక్కు’ అన్నవాడు ఆ నగరంలోని కత్తుల తయారీదారు ఎర్నెస్ట్ స్టూవర్ట్. పేరు అందమైనదే. మన ఆలంకారికులు దీనిని అతిశయోక్తి అని ఉండేవారు.

నిజానికి ఈ ఒక్క పేరుతో చలామణి అయ్యే లోహాలు అనేకం. త్రీ నాట్ ఫోర్ అనే 304 రకంలో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ సుమారు 8 శాతం ఉంటాయి. నికెల్ ఖరీదైనది కనుక 200 శ్రేణిలో దానిని తగ్గించి మాంగనీసును చేరుస్తారు. ఈ రెండూ అయస్కాంతానికి అంటుకోవు. చిక్కంతా ఇక్కడే ఉంది. నికెల్ దాదాపు లేని 430 రకం మాత్రం అంటుకుంటుంది. ఇంకొక విచిత్రమేమంటే, సాగదీసి వంచిన అంచుల వద్ద మేలైన 304 పాత్రను కూడా అయస్కాంతం కొద్దిగా పట్టుకోవచ్చు. సముద్రపు గాలి తగిలే విశాఖ వంటి చోట్ల ఆరుబయట కమ్మీలకు 304 కూడా చాలకపోవచ్చు. అక్కడ మాలిబ్డినం కలిసిన 316 మేలు.

అలాగని 200 శ్రేణి నిందార్హం కాదు. ఇంటిలోపలి మెట్ల కమ్మీలకు, కుర్చీలకు అది చక్కగా సరిపోతుంది. దానిని మరొక పేరుతో అమ్మడమే దోషం.

వంటింట్లో ఈ ఉక్కు చేసిన మేలు తక్కువది కాదు. ఇత్తడి గిన్నెలో పులుసు కాచాలంటే కళాయి తప్పనిసరి. కళాయి పోతే పులుసు చిలుమెక్కేది. స్టీలు ఆ బాధను తప్పించింది. పెళ్లిసామాను మీద పేర్లు చెక్కించుకునే ముచ్చటనూ తీర్చింది. వేడిని వ్యాపింపజేయడంలో మాత్రం అది మందబుద్ధి. రాగితో పోలిస్తే దాని ఉష్ణవాహకత ఇరవయ్యో వంతు కూడా లేదు. మంట తగిలినచోటే కూర మాడుతుంది. అందుకే కొన్ని గిన్నెలకు రాగి అడుగు వేస్తారు.

భోజనశాల యజమాని చివరకు ఆ రేకును ఊడదీసి పాత సామాను కొట్టుకు తీసుకువెళతాడు. స్టీలు తుక్కుకు ధర కట్టేది ముఖ్యంగా దానిలోని నికెల్‌ను బట్టి. అక్కడివారు పిస్తోలు ఆకారంలో ఉన్న పరీక్షాయంత్రాన్ని రేకుకు ఆనిస్తే, కొన్ని క్షణాల్లో క్రోమియం, నికెల్, మాంగనీసుల పాళ్లు తెరమీద కనిపిస్తాయి. కొన్ననాడు తెలియని నిజం అమ్మేనాడు అతనికి తెలుస్తుంది. “అన్నా, ఇది త్రీ నాట్ ఫోర్ కాదు” అంటూ కొట్టువాడు తక్కువ ధర చెబుతాడు.