కటింగ్ బల్ల చుట్టూ

1 జులై 2024
హెచ్‌ఆర్ కాగితాలు మళ్ళీ వచ్చాయి. ఫ్యాక్టరీలో తోటివాళ్ళ పనికి మార్కులు వేయాలి, పేరు రాయక్కర్లేదు. లైనంతా అందరికీ అయిదుకు అయిదు వేసేసింది. కాలర్ కుట్టే అమ్మాయికీ అయిదే. ఆమె పీసులు రోజూ ఆల్టర్‌కు తిరిగొస్తున్నాయని పక్క మిషన్ అక్కకు తెలుసు, చెకింగ్‌లో తెలుసు, సూపర్‌వైజరుగా నాకూ తెలుసు. ఆమెకు చెప్పేదెవరు?

4 జులై
భోజనాల దగ్గర ఆ అమ్మాయే అడిగింది, "అక్కా, నా పని బాగుందా?" మార్కులు చూశాక కూడా అడిగిందంటే నమ్మలేదనేగా. పెన్నాగరం బస్సులో చీకటితోనే వస్తుంది. నేర్చుకుందామని వస్తోంది. మేమేమో మొహమాటపడుతున్నాం.

9 జులై
ఇనప్పెట్టె సర్దుతుంటే అత్త పొదుపు సంఘం రిజిస్టరు బయటపడింది. నూనె మరకలు, వేలిముద్రలు, తర్వాత పుటల్లో వంకర సంతకాలు. 1989లో మహిళాభివృద్ధి పథకం తమిళనాడు మొత్తంలో మొదట మొదలైంది మా ధర్మపురిలోనే. ఐఫాడ్ అనే అంతర్జాతీయ నిధి డబ్బు. అప్పటికి కృష్ణగిరి కూడా ఈ జిల్లాలోదే. నాబార్డు సంఘాలను బ్యాంకులతో కలపడం మొదలుపెట్టింది 1992లో. అంతకుముందే ఇక్కడి ఆడవాళ్ళు చాప మీద చిల్లర లెక్కపెడుతున్నారు.

అత్త కొన్నాళ్ళు సంఘాన్ని నడిపే ఆనిమేటరు. తర్వాత ఇంకొకావిడ. "దిగినాక ఎట్లుండె అత్తా?" అన్నాను. "దిగేదేముంది? అదే చాప మింద కూచుంటిని" అంది.

10 జులై
నిద్ర పట్టలేదు. అత్త మాటలే.

అప్పు కావాలంటే చాప మీద అందరి ముందూ అడగాలి. ఎందుకో చెప్పాలి. పోయినసారి వాయిదా ఎందుకు తప్పిందో కూడా. "మొగం మిందనే చెప్తాము. చెప్పినోళ్ళే మర్నాడు ఆయమ్మ ఇంటికి పోయి రాగులు విసిరిపెట్టేది." మా హెచ్‌ఆర్ కాగితంలో ఈ రెండో సగానికి గడి లేదు.

బ్యాంకుకు పోయినప్పుడల్లా అక్షరం రాని ఒకరిని వెంటబెట్టుకుపోయేవాళ్ళట. చలానా ఎట్లా నింపాలో కౌంటరు ముందు నిలబడే నేర్చుకున్నారు.

14 జులై
కుప్పం నుంచి చెల్లి ఫోను. వాళ్ళ డ్వాక్రా సంఘంలో పంచసూత్రాలు పిల్లలకు ఎక్కం చెప్పినట్టు చెప్పిస్తారు: సమావేశం, పొదుపు, అప్పు, వాయిదా, పుస్తకం. "లీడరు మంచిదైతే చాలక్కా, అన్నీ నడుస్తాయి" అంటుంది. చాలదు. మంచి ఆనిమేటరు ఊరు విడిచిపోగానే మూతబడ్డ సంఘాల పేర్లు అత్త వరసగా చెప్పింది. అన్నిట్లోనూ పుస్తకం ఒక్కరి చేతిలోనే ఉండిపోయింది.

18 జులై
టీ టైములో, అత్తవాళ్ళ చాప గుర్తొచ్చి, అందరినీ కటింగ్ బల్ల చుట్టూ పిలిచాను. తిరిగొచ్చిన చొక్కాలు మధ్యలో. ఎవరూ నోరు విప్పలేదు.

23 జులై
ఓవర్‌లాక్ అక్క మాట్లాడింది. "కాలర్ తిప్పే ముందు మూల కత్తిరించడం లేదు నువ్వు. అందుకే కొన మొద్దుగా వస్తోంది." అమ్మాయికి కళ్ళనీళ్ళు. అక్క ఊరుకోలేదు. మిషన్ దగ్గర కూర్చుని, కుట్టు తెగకుండా దాని పక్కనే ఎట్లా కత్తిరించాలో చేసి చూపించింది, రెండోది ఆమె చేత చేయించింది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే క్యారియర్ విప్పుకున్నారు.

మేనేజరు వచ్చి పది నిమిషాలు పోయాయన్నాడు.

పోయాయా?

3 ఆగస్టు
ఆడి పద్దెనిమిది పండుగ. హొగెనకల్‌లో కావేరి పొంగి స్నానాలు ఆపేశారు. ఇంట్లోనే పూజ, పులిహోర, పెరుగన్నం. ఫ్యాక్టరీ మాత్రం నడుస్తోంది. నేను లేకుండా బల్ల దగ్గరికి చేరి ఉంటారా? ఫోను చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాను.

5 ఆగస్టు
చేరారు. మాట్లాడించింది కాలర్ అమ్మాయట. బండిళ్ళలో సైజులు కలిసిపోతున్నాయని ఓవర్‌లాక్ అక్కనే నిలదీసిందట. అక్క మొదట ముఖం ముడుచుకుందని, తర్వాత రంగుదారాలు కట్టి వేరు చేద్దామని తనే అన్నదని చెకింగ్‌లో చెప్పారు. ఎంత సంతోషమైందో ఎవరికీ చెప్పలేదు.

12 ఆగస్టు
ఇకమీదట వారానికొకరు. బల్ల దగ్గరి మాటలు రాసే పుస్తకం ఈ వారం కాలర్ అమ్మాయి చేతికిచ్చాను. రెండు చేతులతో పట్టుకుంది.

హెచ్‌ఆర్ కాగితాలూ వచ్చాయి. పేరు రాయగలిగితే రాయండన్నాను. కొందరు జంకారు. బలవంతపెట్టలేదు. జంకు ఊరికే రాదు కదా... కాగితంలో మాటలు పైకి వెళ్ళి ఎవరి జీతం మీద పడతాయో వాళ్ళకేం తెలుసు? నాకు మాత్రం తెలుసా?

నాకు పాకెట్లు వచ్చు, చేతులు వచ్చు. కాలర్ ఎప్పుడూ పట్టలేదు. రేపు నేర్పిస్తానంది ఆ అమ్మాయి. సూపర్‌వైజరు మిషన్ దగ్గర కూర్చోవడమేంటని మేనేజరు అడుగుతాడు. అడగనీ. పాత గుడ్డముక్కలు తెచ్చుకోమంది, తీసి సంచిలో పెట్టుకోవాలి.