ఎర్ర ముక్క, నల్ల ముక్క

డిసెంబరులో కజాన్‌లో మధ్యాహ్నం మూడింటికే పొద్దు గూకుతుంది. చలికి కోటు ఉంది. ఆ చీకటిని ఏం చెయ్యాలో మాత్రం మెడిసిన్ మొదటి సంవత్సరంలో నాకు తెలిసేది కాదు. శనివారం సాయంత్రాలు మా అంతస్తు వంటగదిలో టీ కెటిల్ చుట్టూ పదకొండు మందిమి చేరేవాళ్లం. రష్యన్లు, తాతార్లు, ఇద్దరు ఉజ్బెక్ అమ్మాయిలు, ఖమ్మం నుంచి వెళ్లిన నేను. ఎవరో పేక తెచ్చేవారు. ఆడేది మాత్రం పేకాట కాదు, మాఫియా.

పేకలోంచి పది ముక్కలు ఏరి బోర్లించి పంచుతారు. ఏడు ఎర్రవి, మూడు నల్లవి. నల్ల ముక్క వచ్చినవాళ్లు మాఫియా, ఎర్రవాళ్లు ఊరి జనం. ఎర్రవాళ్లలోనే రాజు వచ్చినవారు కమిసార్, అంటే పోలీసు అధికారి. రాణి వచ్చినవారు డాక్టరు. ఎవరి ముక్క వాళ్లు చూసుకుని దాచెయ్యాలి. పంచినవాళ్లు ఆడరు, ఆట నడిపిస్తారు. నడిపించే అమ్మాయిని రష్యన్‌లో ‘వెదూషాయ’ అంటారు. నా చెవికి అది మన ‘విదుషి’లా వినపడి, మొదటి రోజు ఎంతో ఆత్మీయంగా తోచింది.

“గోరద్ జసిపాయెత్” అంటుంది ఆవిడ. నగరం నిద్రపోతోంది అని. అందరూ కళ్లు మూసుకుని, అరచేతులతో బల్ల మీద మెల్లగా దరువు వెయ్యాలి, ఎవరు కదిలినా చప్పుడు తెలియకుండా. “ప్రసిపాయెత్సా మాఫియా.” ఇప్పుడు ఆ ముగ్గురే కళ్లు తెరిచి ఒకరినొకరు చూసుకుంటారు. మాట లేకుండా వేలితో ఒకరిని చూపిస్తారు. వాళ్లు కళ్లు మూసుకున్నాక కమిసార్ కళ్లు తెరిచి ఎవరో ఒకరిని చూపిస్తే, వాళ్లు మాఫియా అవునో కాదో వెదూషాయ తలాడించి చెబుతుంది. ఆ తర్వాత డాక్టరు ఒకరిని కాపాడతారు. మాఫియా ఎంచుకున్న మనిషినే డాక్టరూ ఎంచుకుంటే ఆ రాత్రి ఎవరికీ ఏమీ కాదు. లేకపోతే తెల్లారేసరికి ఒకరు తగ్గుతారు. మిగిలినవాళ్లు వాదించుకుని, ఓట్లేసి, ఒకరిని బయటికి పంపుతారు. వెళ్లేవాళ్లు ముక్క తిప్పి చూపించాలి. మళ్లీ రాత్రి. మాఫియా అంతా దొరికితే గెలుపు ఊరిది. ఎర్రవాళ్లూ నల్లవాళ్లూ సమానంగా మిగిలితే మాఫియాది.

వరసగా నాలుగు శనివారాలు మొదటి పగలే నన్ను పంపించేశారు. నాలుగుసార్లూ నా చేతిలో ఎర్ర ముక్కే. నేను మాట్లాడటం లేదన్నదే నా మీద మోపిన నేరం. మౌనం అర్ధాంగీకారం అనే మాట ఆ వంటగదికీ తెలిసినట్టుంది. నా వాక్యం తెలుగులో పుట్టి, ఇంగ్లీషులోకి మారి, రష్యన్ విభక్తుల దగ్గర ఆగిపోయేది. దాన్ని కూడదీసుకునేలోపు మాట ఇంకొకరి దగ్గరికి వెళ్లిపోయేది. నాలుగో శనివారం గదికెళ్లి ఏడ్చాను. పద్దెనిమిదేళ్ల వయసులో, ఇంటికి అంత దూరంలో, ఎనిమిది చేతులు ఒక్కసారిగా నా వైపు లేస్తే అది ఆట అనిపించలేదు.

ఆ రాత్రే కాగితం తీసుకుని లెక్క వేశాను. మొదటి రాత్రి ఒకరు పోతే ఎర్రవాళ్లు ఆరుగురు, నల్లవాళ్లు ముగ్గురు. పొద్దున్న నాలాంటి నిర్దోషిని పంపితే అయిదుగురు. మరుసటి రాత్రికి నలుగురు. మళ్లీ ఒక తప్పుడు ఓటు పడితే ముగ్గురికి ముగ్గురు, ఆట ముగిసింది. డాక్టరు ఎవరినీ కాపాడలేకపోతే ఊరు మునగడానికి రెండు తప్పుడు ఓట్లు చాలు. అందులో మొదటిది ప్రతి వారం నా మీదే ఖర్చయ్యేది. అక్కడ నాకు దుఃఖం తగ్గి కోపం వచ్చింది. ఆ కోపం మేలు చేసింది.

ఈ ఆట పుట్టిందీ రష్యాలోనే. మాస్కో స్టేట్ యూనివర్సిటీ సైకాలజీ విభాగంలో 1980ల రెండో సగంలో దిమిత్రీ దవీదోవ్ అనే విద్యార్థి దీన్ని తయారుచేశాడు. అన్నీ తెలిసిన కొద్దిమందికీ, ఏమీ తెలియని ఎక్కువమందికీ మధ్య పోరు అన్నది దీని మూలం. హాస్టళ్ల మీదుగా దేశాలు దాటింది. 1997లో అమెరికాలో ఆండ్రూ ప్లాట్కిన్ మాఫియా బదులు తోడేలు మనుషుల్ని పెట్టాడు. లాక్‌డౌన్‌లో మన పిల్లలు ఫోన్లలో ఆడిన అమాంగ్ అస్ కూడా ఈ వంశానిదే.

చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో మేం ఆడిన రాముడు-సీత చీట్లు దీనికి దూరపు చుట్టం. రాముడి చీటీ వచ్చినవాళ్లు సీత ఎవరో కనిపెట్టాలి, తప్పితే చీటీ మార్చుకోవాలి. అక్కడ ముఖం చూసి ఊహిస్తే సరిపోయేది. ఇక్కడ మాట వినాలి. భాష సగమే అర్థమవడం ఇందులో నాకు కలిసొచ్చిందని ఇప్పటికీ నమ్ముతాను. అర్థం అందనప్పుడు గొంతు వినపడుతుంది. దొంగ ఎవరో నిజంగా వెతికేవాళ్లు మధ్యలో ఆగుతారు, అన్న మాట వెనక్కి తీసుకుంటారు, ఇందాక అనుమానించినవాళ్లని వదిలి ఇంకొకరి మీదికి వెళతారు. ముందే తెలిసినవాళ్లకి వెతికే పని లేదు కాబట్టి వాళ్ల మాట తిన్నగా, తీర్చి దిద్దినట్టు వస్తుంది. ఇంకో గుర్తు ఓటు. తన జట్టువాళ్ల మీద ఓటు పడుతున్నప్పుడు నల్లవాళ్ల చెయ్యి ఒక్క క్షణం ఆలస్యంగా లేస్తుంది.

మూడో సంవత్సరం నుంచి ఆట నేనే నడుపుతున్నాను. క్లబ్బుల్లో పోటీగా ఆడేవాళ్లకి ఒక నియమం ఉంది. పగలు ప్రతి ఒక్కరికీ ఒక నిమిషం, ఆ నిమిషంలో ఇంకెవరూ నోరు మెదపకూడదు. దాన్ని మా వంటగదికి తెచ్చాను. దానికి ఇంకోటి చేర్చాను: రష్యన్ రానివాళ్లు సొంత భాషలో మాట్లాడవచ్చు, తెలిసినవాళ్లు ఒక్క ముక్క కలపకుండా, తగ్గించకుండా అనువదించాలి. ఆట నెమ్మదిస్తుందని కొందరు గొణిగారు. ఈ ఒక్క విషయంలో నేను పట్టు వదల్లేదు.

ఈ చలికాలం శ్రీకాకుళం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మూడు వారాలు గుమ్మం దగ్గరే నిలబడి చూసి, నాలుగో వారం కూర్చుంది. మొదటి రాత్రి మాఫియా కళ్లు తెరిచినప్పుడు ఆ ముగ్గురిలో ఆ పిల్ల ఉంది. నా ముఖంలో ఏమీ తెలియనివ్వకుండా ఉండటానికి కెటిల్ వైపు చూశాను.

పొద్దున్న ఆమె వంతు వచ్చింది. కొంతసేపు నా వైపే చూసి, తెలుగులో, “అక్కా, ఏటి చెప్పాలో నాకు తెలీట్లేదు. చీకట్లో బల్ల చప్పుడు వింటంటే మా ఇంటి రేకుల మీద వాన పడతన్నట్టుంది. నేనేటీ చెయ్యలేదు” అంది. ఉన్నది ఉన్నట్టు రష్యన్‌లో చెప్పాను. చివరి వాక్యం కూడా. ఒక్క చెయ్యీ ఆమె వైపు లేవలేదు.

రెండు తప్పుడు ఓట్లు పడ్డాయి. ఆమె నల్ల ముక్క తిప్పి బల్ల మీద పెట్టగానే వంటగదంతా అరుపులు, చప్పట్లు. ఉజ్బెక్ అమ్మాయి లేచి వెళ్లి వాటేసుకుంది. నేను ముక్కలు పోగు చేస్తుంటే ఆ శ్రీకాకుళం పిల్ల నా చెయ్యి పట్టుకుని ఆపి, అందరికీ వినపడేలా, రష్యన్‌లో అడిగింది: “యిషో రాజ్?”

ఇంకోసారి ఆడదామా అని. ముక్కలు కలపడం మొదలుపెట్టాను.