షాబ్లి కొండవాలు

ఫ్రాన్సు దేశంలో కొన్ని ఊళ్ళ పేర్లు సీసాల మీద ఎక్కి దేశదేశాలు తిరుగుతూ ఉంటవి. ఆ పేరు చదివినవారిలో చాలమందికి అది ఒక ఊరి పేరని తెలియదు. షాబ్లి అట్టి ఊరు. ప్యారిసుకు ఆగ్నేయంగా సుమారు నూట ఎనభై కిలోమీటర్ల దూరాన, యోన్ జిల్లాలో, సెరాన్ అనే చిన్న నది ఒడ్డున ఉన్నది. రెండు మూడు వేల జనం. వ్రాతలో చివర ఒక సకారం ఉంటుంది గాని దానిని పలుకరు. తెల్లని వైనుకు ఆ ఊరు పెట్టింది పేరు.

వైను గురించి కుటుంబ పత్రికలో వ్రాయడమేమిటని కొందరు పాఠకులు నొసలు చిట్లించవచ్చును. యానాం వారము గనుక ఆ చూపు మాకు అలవాటే. 1954 వరకు మా ఊరు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్నది. ఈనాటికీ చుట్టుపట్లవారికి యానాం అనగానే ముందు గుర్తుకు వచ్చేవి మద్యం దుకాణాలు. మా ఇంట్లో సీసా గడప దాటి లోపలికి రాదు. మా ఇంటావిడ పెదనాన్నగారు తాగుడులో పడి రెండెకరాల మాగాణి పోగొట్టుకున్నారు. ఆ కథ వింటూ పెరిగిన మనిషి ఆవిడ. అటువంటి మేము ఒక వైను ఊరికి పోయి ఒక పూట గడిపి, చెప్పదగిన సంగతులు కొన్ని తెలుసుకొని వచ్చాము.

2023 జూన్ నెలలో ఆఫీసుకు సెలవు పెట్టి, ప్యారిసు దగ్గర స్థిరపడిన మా బావమరిది ఇంటికి వెళ్ళాము. “బావగారూ, ఈఫిల్ టవరు అందరూ చూసేదే. ఈ దేశపు పల్లెటూరు ఎట్లా బ్రతుకుతుందో చూద్దురుగాని రండి” అని అతను బయలుదేరదీశాడు. “ఊరు చూడ్డానికైతే వస్తాను తమ్ముడూ, గ్లాసు మాత్రం నా నోటి దగ్గరకు తేకు” అని మా ఇంటావిడ ముందే షరతు పెట్టింది.

ప్యారిసులో బెర్సీ స్టేషనులో రైలెక్కి ఓసెర్ అనే పట్నంలో దిగాము. అక్కడనుంచి షాబ్లికి ఇరవై కిలోమీటర్లు. అద్దె కారులో వెళ్ళాము. కొంతదూరం గోధుమ చేలు. తరువాత ఒక మలుపు తిరిగేసరికి కొండవాలు అంతా దువ్వెనతో దువ్వినట్లు ద్రాక్ష వరుసలు. మన వైపు పందిళ్ళ మీద పాకించే ద్రాక్ష వంటిది కాదు. తీగెలను నడుము ఎత్తున తంతులకు కట్టి, సైనికుల వలె బారులు తీర్చి ఉంచుతారు. అప్పుడే పూత. ద్రాక్షపువ్వు కంటికి ఆనదు. వాసన మాత్రం సన్నగా గాలిలో తేలి వస్తుంది. పూత పూసిన వంద రోజులకు కోత అని అక్కడివారి పాత లెక్క.

ఈ ఊరి వైను చరిత్ర పాతది. 1114లో కొద్ది మైళ్ళ దూరాన పోంతినీ అనే చోట సిస్తర్సియన్ సన్యాసులు మఠం స్థాపించారు. షాబ్లిలో తోటలు వేసి, ఏ వాలులో ఏ పండు బాగా పక్వానికి వస్తుందో ఓపికగా కనిపెట్టినవారు వారే. తరువాత ఓసెర్ నుంచి పీపాలు పడవలకెక్కి యోన్ నది మీదుగా ప్యారిసు చేరేవి. పంతొమ్మిదవ శతాబ్దంలో రైళ్ళు వచ్చి దక్షిణ దేశపు చౌక వైనును రాజధానికి మోసినవి; ఈ ఊరి గిరాకీ పడిపోయింది. ఆ శతాబ్దం చివర ఫిలొక్సెరా అనే పురుగు వేళ్ళు తినివేసి తోటలను ఎండగట్టింది. ఆ పురుగును తట్టుకొనే అమెరికా ద్రాక్ష వేరు మీద తమ కొమ్మను అంటుకట్టి, మళ్ళీ మొదటినుంచీ ప్రారంభించారు. 1950లలో మిగిలినవి సుమారు ఐదువందల హెక్టార్లే. ఇప్పుడు ఐదువేల ఐదువందలకు పైబడి ఉన్నవి.

ఇన్ని హెక్టార్లలోనూ పండేది ఒకే రకం ద్రాక్ష, షార్దొనే. అయినా వైను నాలుగు తరగతులు. అన్నిటికంటే క్రిందిది పెతి షాబ్లి, అనగా చిన్న షాబ్లి. దాని పైన షాబ్లి. ఆ పైన ప్రెమియే క్రూ. అన్నిటికీ పైన గ్రాన్ క్రూ. ఇవి వర్తకులు తమకు తోచినట్లు వేసుకొన్న ముద్రలు కావు. ఏ చెక్క ఏ తరగతిదో ప్రభుత్వ శాసనం ప్రకారం నిర్ణయమై ఉన్నది. 1938 నుంచి ఆ కట్టడి నడుస్తున్నది. గ్రాన్ క్రూ నేల మొత్తం సుమారు నూరు హెక్టార్లు, మన లెక్కన రెండువందల యాభై ఎకరాలు. అది నదికి కుడిగట్టున నైరుతి ముఖంగా నిలిచిన ఒకే ఒక కొండవాలు. దానిలో ఏడు చెక్కలు: బ్లాన్షో, లే క్లో, వాల్మ్యూర్, గ్రెనూయ్, వోదెజీర్, ప్రెజ్, బూగ్రో. గ్రెనూయ్ అంటే కప్పలు. ఆ చెక్క నదికి దగ్గరగా ఉన్నది. లే క్లో అంటే ప్రహరీ కట్టిన తోటలు. మన పల్లెల్లో చెరువుక్రింద పొలం, మర్రిచెట్టు చేను అని పేర్లు ఉన్నట్లే.

ఆ వాలు ఎక్కి ఒక రాయి తీసి చూచాము. బూడిదరంగు మట్టి, తెల్లని సున్నపురాయి. రాతిలో కామా గుర్తు వలె వంగిన చిన్న చిన్న ఆలుచిప్పలు గుట్టలుగా అతుక్కొని ఉన్నవి. పదిహేను కోట్ల సంవత్సరాల క్రిందట ఇది సముద్రపు అడుగు. సముద్రం పోయింది, చిప్పలు మిగిలినవి. వైనులో ఉప్పుగాలి వాసన వీటినుంచే వస్తుందని చెప్పుకొంటారు. శాస్త్రజ్ఞులు మాత్రం రాతి రుచి తిన్నగా పండులోకి ఎక్కదంటారు. ఈ నేల వర్షపు నీటిని నిలువనీయక, పూర్తిగా ఎండిపోనీయక పట్టి ఉంచుతుంది. వాలు ఎండను పట్టుకొంటుంది. చల్లని దేశం గనుక పండు మాగినా పులుపు పోదు. ఇవన్నీ కలిసి ఆ రుచికి కారణమవుతవి.

మా బావమరిది ముందుగా ఫోను చేసి ఉండడంచేత ఊరి చివర ఒక రైతు ఇంటివారు మమ్మల్ని రానిచ్చారు. యజమానురాలు ఏభై ఏళ్ళు దాటిన మనిషి. చేతులు చూస్తే కత్తెరపట్టి పనిచేసిన చేతులని తెలుస్తుంది. మాకు ఇంగ్లీషు వచ్చును గాని ఫ్రెంచి అంతంతమాత్రం. మా బావమరిది మధ్యవర్తి. ఆమె నేలమాళిగలోకి తీసుకుపోయింది. ఎక్కువ వైను అక్కడ ఉక్కు తొట్లలోనే తయారవుతుంది. కొయ్య వాసన పట్టకుండా ఉండడానికి. మేలైన వైనులో కొంత భాగం మాత్రం పాత ఓకు పీపాలలో ఉంచుతారు.

రుచి చూడడం అక్కడ ఒక పద్ధతి. పొడుగు కాడ, లోపలికి ముడుచుకొన్న అంచు ఉన్న గ్లాసులో మూడోవంతే పోస్తారు. చేతి వేడి తగలకుండా కాడ పట్టుకోవాలి. మరీ చల్లగా ఉంటే వాసన చచ్చిపోతుంది; పది, పన్నెండు డిగ్రీలు సరి. ముందు తెల్లని కాగితం ఎదుట రంగు చూడాలి: లేత బంగారు రంగులో ఆకుపచ్చని జీర. తరువాత కదపకుండా ఒకసారి, గ్లాసును గుండ్రంగా తిప్పి మరొకసారి వాసన చూడాలి. ఆ పిమ్మట ఒక చెంచాడు నోట పోసుకొని, పెదవుల మధ్యనుంచి కాస్త గాలి పీల్చి, నాలుకమీద అటూ ఇటూ త్రిప్పి, ప్రక్కనున్న పాత్రలో ఉమ్మివేయాలి! ఈ చివరి మాట విని మా ఇంటావిడ ముఖం కొంత తేటబడింది. రోజుకు పదుల సంఖ్యలో వైనులు పరీక్షించేవారు మింగితే తూలిపోరూ?

క్రింది తరగతినుంచి పైకి వెళ్ళాము. పెతి షాబ్లి నిమ్మచెక్క కొరికినట్లు చురుక్కుమన్నది. షాబ్లిలో ఆ చురుకు ఉన్నా, దాని వెనుక పచ్చి ఆపిలుపండు వంటి రుచి. ప్రెమియే క్రూ దగ్గరకు వచ్చేసరికి పులుపు అణగి, నోరు ఊరి, ఏదో రాయి నాకినట్లు ఒక శుభ్రమైన చేదు మిగిలింది. దానికి మాట దొరకక మేము తడుముకొంటుంటే, మా ఇంటావిడ ఆ గ్లాసు తీసుకొని వాసన మాత్రం చూచింది. “కొత్తగా సున్నం వేసిన గోడమీద తొలి చినుకులు పడితే వచ్చే వాసన” అన్నది. మా బావమరిది దానిని ఫ్రెంచిలో చెప్పాడు. యజమానురాలు తన గ్లాసు మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకొని, కొంచెం సేపు ఊరుకొని, తల ఊపింది. అక్కడనుంచి ప్రతి గ్లాసూ ముందు మా ఇంటావిడకే అందించింది. ఆవిడ తాగలేదు, ఎవరూ తాగమనలేదు.

చివరిది లే క్లో. మింగినా, ఉమ్మినా రుచి నోట ఎంతసేపు నిలుస్తుందో వారు సెకండ్లలో లెక్కబెడతారు. ఒక సెకండుకు ‘కొదలి’ అని పేరు. మా బావమరిది గడియారం చూస్తూ ఉన్నాడు. పది దాటింది, పన్నెండు దాటింది. తేనె, వేయించిన బాదం, మళ్ళీ ఆ సున్నపు రాయి, ఒకదాని వెనుక ఒకటి వచ్చి పోతున్నవి. మేము ఒక్క గుక్క మింగామని దాచకుండా చెప్పుచున్నాము. రెండవది అడగాలనిపించలేదు. మొదటిదే ఇంకా ముగియలేదు.

ఆ సీసామీద 2021 అని ఉన్నది. ఆ అంకె చూపించి ఆమె చెప్పిన కథ మాకు రుచికంటే ఎక్కువగా గుర్తున్నది. ఆ యేడు ఏప్రిల్ మొదటి వారంలో, మొగ్గలు విచ్చుకొనే వేళ, వరుసగా కొన్ని రాత్రులు చలి సున్నాకు ఐదు డిగ్రీలకంటే దిగువకు పోయింది. లేత మొగ్గ గడ్డకట్టితే ఆ యేటి పంట అంతటితో సరి. కుటుంబమంతా రాత్రి రెండు గంటలకు లేచి వరుసల మధ్య మైనపు డబ్బాలు వెలిగించారట. హెక్టారుకు మూడు నాలుగువందల డబ్బాలు కావాలి. కొండలన్నీ దీపావళి నాటివలె కనబడినవి గాని, ఆ వెలుగు చూచి సంతోషించినవారు లేరు. నదికి దగ్గరగా ఉన్న చెక్కలలో మరొక ఉపాయం: తీగెలమీద విడవకుండా నీళ్ళు చిమ్ముతారు. నీరు గడ్డకట్టేటప్పుడు కొంత వేడి విడుదలవుతుంది. ఆ మంచు తొడుగులో మొగ్గ సున్నా దగ్గరే నిలిచి బ్రతుకుతుంది. చిమ్మడం మధ్యలో ఆగితే మాత్రం మొదటికే మోసం.

అంత చేసినా వారికి సగం పంటకూడ దక్కలేదు. “మరి ఆ యేడు ఇల్లెట్లా గడిచింది?” అని మా ఇంటావిడ అడిగింది. మునుపటి యేటి సరకు కొంచెం కొంచెంగా అమ్ముకొన్నామనీ, మిగిలినది బాంకు అప్పు అనీ, ఆ అప్పు ఇంకా తీరలేదనీ ఆమె జవాబు. ఇప్పుడు చలికాలం మునుపటంత గట్టిగా లేక మొగ్గ తొందరపడి ముందే విచ్చుకొంటున్నది. గడ్డమంచు మాత్రం తన వేళకు తాను వస్తున్నది. దేశం వేడెక్కుతుంటే చలికి పంట పోవడం వింతగా తోచవచ్చును గాని, సంగతి ఇదీ.

ఇంత పాటుపడి నిలుపుకొన్న పేరు గనుకనే వారికి ఆ పేరుమీద అంత పట్టుదల. అమెరికాలో చాలకాలం ఏ తెల్ల వైనునైనా షాబ్లి అని అమ్మేవారు. ఈ ఊరి గాలి, రాయి, చలి ఏవీ తగలని సీసాకు ఈ ఊరి పేరేమిటని వారి బాధ. ఏ చెట్టు కాయనైనా బంగినపల్లి అని అంటగడితే మన రైతుకు కలిగే బాధవంటిదే.

వెళ్ళదలచినవారికి రెండు మాటలు. సెప్టెంబరులో కోతలు, ఆ రోజుల్లో ఇంటివారికి మాట్లాడే తీరిక ఉండదు. మే, జూన్ నెలలు మంచివి. ముందుగా కబురు చేసి వెళ్ళండి. గూజేర్ అని జున్నుతో చేసిన చిన్న బూరె వంటిది తినడానికి పెడతారు, వేడిమీద బాగుంటుంది. మన కారాలు తిని వెళ్ళితే మాత్రం ఆ సన్నని రుచి ఒక్కటీ తెలియదు. తాగనివారు తాగనవసరం లేదు; వాసన చూస్తే చాలును.

సెలవు తీసుకొనేటప్పుడు మా ఇంటావిడ ఆ వాలు రాయి ఒకటి ఉంచుకోవచ్చునా అని అడిగింది. ఆమె నవ్వి, తానే వెదకి, చిప్పలు బాగా కనబడే ముక్క ఒకటి తెచ్చి ఇచ్చింది. సీసా కొనకుండానే వచ్చాము. ఆ రాయి ఇప్పుడు మా ఇంట్లో పిల్లల పుస్తకాల బీరువాలో ఉన్నది.