భాషకు ఇంట్లో పని ఉండాలి

కాలిఫోర్నియాలో ప్రాథమిక పాఠశాల టీచరుగా పనిచేసినన్నాళ్లూ తెలుగు తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్న ఒకటుంది. "మేడమ్, ఇంట్లో తెలుగు ఆపేద్దామా? పాప ఇంగ్లీషులో వెనకబడిపోతుందేమోనని భయంగా ఉంది." తొంభైలలో ఫ్రీమాంట్, సన్నీవేల్ వైపు ఉద్యోగాల మీద వచ్చినవాళ్లు అడిగారు. వాళ్ల తర్వాత వచ్చినవాళ్లూ అడిగారు. కొందరికైతే డాక్టరో, పక్కింటివాళ్లో అప్పటికే సలహా ఇచ్చేసి ఉండేవారు: ఒక్క భాషే మాట్లాడండి, లేకపోతే పిల్ల తికమక పడుతుంది అని. ఆపొద్దని నేను చెప్పేదాన్ని. అంత ధైర్యంగా ఎలా చెబుతున్నారని అడిగితే, నేను శాలిబండలో పుట్టి పెరిగాననేదాన్ని. పరిశోధనల సంగతి ఆ తర్వాత మొదలుపెట్టేదాన్ని.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. చార్మినార్ దాటి, మక్కా మసీదు పక్కనుంచి దక్షిణంగా ఫలక్‌నుమా వైపు సాగే రోడ్డు మీద, పాత గడియార స్తంభం ఉన్న పేట శాలిబండ. హరిబౌలిలో అక్కన్న మాదన్న మహంకాళి గుడి, కొంచెం ముందుకు పోతే నాగుల్చింత, లాల్‌దర్వాజ. మా ఇంట్లో తెలుగు. అరుగు దిగితే దక్కనీ ఉర్దూ. పై వాటాలో కిరాయికున్నవాళ్లది మరాఠీ. మా నానమ్మ ఏనాడూ బడి గడప తొక్కలేదు. ఆమె ఆషాఢంలో బోనం ఎత్తుకుని తెలుగులో అమ్మవారిని మొక్కేది, పక్కింటి ఖాలాతో ఉర్దూలో కష్టసుఖాలు చెప్పుకునేది, పై వాటా కాకూతో మరాఠీలో పచ్చళ్ల లెక్కలు మాట్లాడేది. నేను పడి మోకాలు చీరుకుంటే ఖాలా "కైకు రోతే బేటా, ఇధర్ ఆవ్" అని పిలిచేది. నేను ఆమెకు ఉర్దూలో ఫిర్యాదు చెప్పి, ఇంట్లోకి వచ్చి నానమ్మకు అదే ఫిర్యాదు తెలుగులో చెప్పేదాన్ని. దాన్ని ఎవరూ విద్య అనుకోలేదు.

ఖాలాకు తెలుగు రాదు కాబట్టి నాకు ఉర్దూ వచ్చింది. నానమ్మకు ఇంగ్లీషు రాదు కాబట్టి బడిలో ఎంత ఇంగ్లీషు చదివినా నా తెలుగు ఎక్కడికీ పోలేదు. మనం ఆ భాషలో మాట్లాడితే తప్ప జరగని పని ఒకటి, ఆ భాషలో తప్ప మాట్లాడలేని మనిషి ఒకరు ఉన్నంతకాలం పిల్లల దగ్గర భాష ఉంటుంది. నా ఉద్యోగ జీవితమంతా నేను పట్టుకున్నది ఈ ఒక్క సంగతినే.

దీనికి రెండో కొస కూడా మా ఇంట్లోనే చూశాను. మా తాతయ్య నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివి సర్కారు కొలువు చేసినవాడు. పొద్దున సియాసత్ పేపరు, సాయంత్రం పోతన భాగవతం. రెండు లిపులూ ఆయన చేతిలో ఒక్కలాగే నడిచేవి. మా తరానికి వచ్చేసరికి ఉర్దూ మాట దక్కింది, అక్షరం దక్కలేదు. తాతయ్య పోయాక ఆయన పుస్తకాల పెట్టెలో సగం మాకు చదవరానిదైపోయింది. మాట మాత్రమే మిగిలిన భాష తర్వాతి తరానికి ఎంత పలచబడుతుందో నేను వేరే ఎక్కడికీ వెళ్లి తెలుసుకోనక్కర్లేకపోయింది.

హైదరాబాద్‌లో తెలుగు చదువు ఊరికే వచ్చినది కాదని కూడా ఆ ఇంట్లోనే విన్నాను. 1921 నవంబరులో వివేకవర్ధని థియేటర్‌లో సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే. ఇతర భాషల ప్రసంగాలు సాఫీగా సాగాయి. ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచి ఆంధ్ర జన సంఘం పుట్టింది. ఆ ఉద్యమాన్ని నడిపిన మాడపాటి హనుమంతరావు బ్రిటిష్ ఏలుబడిలోని కృష్ణా జిల్లాలో, పొక్కునూరులో పుట్టి, చిన్నతనంలోనే నిజాం రాజ్యానికి వచ్చి పెరిగినవాడు. ఉర్దూ, పారసీ బాగా చదువుకున్నవాడు. ప్రేమ్‌చంద్ కథలను తెలుగు చేసినవాడు. 1928లో ఆయన హైదరాబాద్‌లో ఆడపిల్లలకు తెలుగు మాధ్యమంలో బడి పెట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అప్పుడు బోధన ఉర్దూలో సాగేది కాబట్టి ఈ బడిని పుణేలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిపారు. 1951లో ఆయనే హైదరాబాద్ మేయరయ్యారు. నేను ఆయనను తలుచుకునేది ఒక కారణానికి: తెలుగు బడి కట్టడానికి ఆయన ఉర్దూను వదులుకోలేదు. ఒక భాషను ప్రేమించాలంటే ఇంకోదాన్ని దూరం పెట్టాలనే ఆలోచన ఆయన పనిలో ఎక్కడా కనిపించదు.

అమెరికా వచ్చాక నాకు ఆ ఆలోచనే ఎదురైంది. ఇక్కడి చరిత్ర కొంత చెప్పాలి. 1968లో ద్విభాషా విద్య చట్టం వచ్చింది. 1974లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనీస్ పిల్లల కేసు, లా వర్సెస్ నికోల్స్, సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. ఇంగ్లీషు రాని సుమారు 1,800 మంది పిల్లలను ఏ సాయమూ లేకుండా ఇంగ్లీషు తరగతుల్లో కూర్చోబెట్టారు. అర్థం కాని పిల్లకు కూడా అందరికీ ఇచ్చిన పుస్తకమే, అదే టీచరునే ఇస్తే సమానంగా చూసినట్టు కాదని కోర్టు తేల్చింది. మా ట్రైనింగ్‌లో ఈ తీర్పు చదివిన రోజు నాకు చాలా సంతోషం కలిగింది.

ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. 1998 జూన్‌లో కాలిఫోర్నియా ఓటర్లు 61 శాతం మద్దతుతో 227వ ప్రతిపాదనను గెలిపించారు. ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలకు ఇక దాదాపు అంతా ఇంగ్లీషులోనే చెప్పాలి. సొంత భాషలో కూడా పాఠం కావాలంటే తల్లిదండ్రులు ప్రత్యేకంగా అనుమతి కోరాలి. మూతపడినవి ఎక్కువగా స్పానిష్ తరగతులు. అయినా ఆ మాట మా తెలుగు ఇళ్లకూ చేరింది: ప్రభుత్వమే చెబుతోంది, ఇంటి భాష అడ్డు అని. నేను అప్పుడు పనిచేస్తున్న బడిలో, పిల్లల ఇంటి భాషల్లో నేను గోడకు అంటించిన పలకరింపుల కాగితాలు తీసేయమన్నారు. తీసేశాను, కానీ పిల్లలు పొద్దున్నే ఒకరినొకరు వాళ్ల భాషల్లో పలకరించుకోవడం ఆపించలేదు. ఆ చట్టాన్ని 58వ ప్రతిపాదన 2016 నవంబరులో చాలావరకు తొలగించింది. ఈసారి 73 శాతానికి పైగా ఓట్లు భాషల వైపు పడ్డాయి. మధ్యలో గడిచినవి పద్దెనిమిదేళ్లు. ఒకటో తరగతిలో చేరిన పిల్ల కాలేజీ కూడా దాటిపోయే కాలం.

ఆ కాలంలో నాకు అండగా నిలిచింది బర్కిలీ ప్రొఫెసర్ లిలీ వాంగ్ ఫిల్‌మోర్ 1991లో ప్రచురించిన వ్యాసం. ఆమె బృందం వెయ్యికి పైగా వలస కుటుంబాలను విచారించింది. పిల్లలు మూడు నాలుగేళ్ల వయసులో పూర్తిగా ఇంగ్లీషు ప్రీస్కూలుకు వెళ్తే ఇంటి భాష ఎంత వేగంగా జారిపోతుందో అందులో ఉంది. దానికంటే నన్ను కదిలించింది ఆ తర్వాత జరిగేది. తల్లిదండ్రులకు ఇంగ్లీషు సరిగా రాదు, పిల్లలకు ఇంటి భాష రాదు. బుద్ధి చెప్పడానికి, ఓదార్చడానికి, కోపం తెచ్చుకోవడానికి కూడా చాలినంత మాట ఆ ఇంట్లో ఉండదు. మన ఇంజినీర్ల ఇళ్లలో తల్లిదండ్రులకు ఇంగ్లీషు వచ్చు కదా అనొచ్చు. వాళ్లకు వచ్చు. సెలవులకు ఫోన్ చేసే అమ్మమ్మకు రాదు.

తికమక గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ భయం ఇంకా పోలేదు. 1993లో మయామీలో పియర్సన్, ఓలర్ తదితరులు ఇంగ్లీషు, స్పానిష్ రెండూ వింటూ పెరిగే పసిపిల్లల మాటలు లెక్కగట్టారు. ఒక్క భాషలో చూస్తే తక్కువ అనిపించినా, రెండు భాషల మాటలూ కలిపి చూస్తే ఒకే భాష పిల్లలకు వీళ్లు తీసిపోలేదు. మన పిల్ల "అమ్మా, వాటర్ కావాలి" అంటే తికమక పడుతోందని అర్థం కాదు. తన దగ్గరున్న రెండు డబ్బాల్లోంచి చేతికి ముందు దొరికింది తీసుకుంది, అంతే. కెనడాలో స్థిరపడిన ఐర్లండ్ విద్యావేత్త జిమ్ కమిన్స్ ఇంకో సంగతి వివరించారు. ఆటస్థలం ఇంగ్లీషు ఒకటి రెండేళ్లలో వచ్చేస్తుంది. పాఠం అర్థం చేసుకుని రాసే ఇంగ్లీషుకు ఐదు నుంచి ఏడేళ్లు పట్టొచ్చు. ఈలోపు ఆలోచన ఆగిపోకుండా నడిపించేది ఇంటి భాషే. భిన్నం అంటే ఏమిటో తెలుగులో అర్థమైన పిల్ల ఇంగ్లీషులో నేర్చుకోవలసింది పేరు మాత్రమే.

మా వయసువాళ్లకు రెండు భాషల వల్ల మేలుందా అనే ప్రశ్నకు హైదరాబాదే ప్రపంచానికి ఒక జవాబిచ్చింది. ఇక్కడి నిమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజిస్టుగా పనిచేస్తున్నప్పుడు డాక్టర్ సువర్ణ అల్లాడి, ఎడిన్‌బరోకు చెందిన థామస్ బాక్ తదితరులతో కలిసి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. 648 మంది డిమెన్షియా రోగుల్లో 391 మంది రెండు లేక అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారు. ఒకే భాష వచ్చినవాళ్లతో పోలిస్తే వీళ్లలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి మొహం చూడనివాళ్లలోనూ ఆ తేడా ఉంది. రెండు భాషలు వస్తే మతిమరుపు రాదని దీనికి అర్థం కాదు, ఒక్క అధ్యయనంతో అంతా తేలిపోదు కూడా. కానీ బడి మొహం చూడనివాళ్ల గురించిన ఆ వాక్యం చదివినప్పుడు నాకు మా నానమ్మే కళ్లముందు నిలిచింది. ప్రపంచంలో చాలాచోట్ల రెండు భాషలవాళ్లు వలస వచ్చినవాళ్లో, బాగా చదువుకున్నవాళ్లో అయి ఉంటారు. అక్కడ ఏది దేనివల్లనో విడదీయడం కష్టం. పుట్టిన ఊళ్లోనే, చదువు లేకుండానే మూడు భాషలు మాట్లాడే మనుషులు ఉన్న ఊరు మనది కాబట్టి ఆ ప్రశ్న ఇక్కడ అడగగలిగారు.

తరగతిలో నేను చేసిన పని ఏమంత పెద్దది కాదు. పిల్లల చేత రెండు భాషల్లో పుస్తకాలు రాయించాను. టొరంటో దగ్గర మిసిసాగాలోని థార్న్‌వుడ్ పబ్లిక్ స్కూల్లో ఇలాంటి పుస్తకాలు చేయించారని చదివి ధైర్యం తెచ్చుకున్నాను. పిల్ల ఇంగ్లీషులో కథ రాస్తుంది. ఇంటికి తీసుకెళ్లి తల్లితోనో తాతతోనో కూర్చుని తెలుగులోనో, పంజాబీలోనో, స్పానిష్‌లోనో రాసుకొస్తుంది. తల్లికి ఇంగ్లీషు అంతంతమాత్రమే అయినా ఆ రోజు ఆమే టీచరు. ఇంకోటి, ఆరునెలల వీసా మీద వచ్చే నానమ్మలు, తాతయ్యలు. పగలంతా తాళం వేసిన ఇళ్లలో కూర్చుని విసిగిపోయే ఈ పెద్దలను కథలు చెప్పడానికి లైబ్రరీకి రప్పించాను. వాళ్లకు ఇంగ్లీషు రాకపోవడమే పిల్లలకు మేలు చేసింది. ఆ తాతకు కారులో సీటు బెల్టు ఎలా పెట్టుకోవాలో, లైబ్రరీ కార్డు ఎలా తీసుకోవాలో చెప్పాల్సింది పిల్లలే, తెలుగులోనే.

వారాంతపు తెలుగు బడుల మీద నాకు గౌరవం ఉంది. సిలికానాంధ్ర 2007లో మొదలుపెట్టిన మనబడి వేలమంది పిల్లలకు అక్షరాలు దిద్దించింది. మా తాతయ్య పెట్టెలాగా తలుపు మూసుకుపోకుండా ఉండాలంటే అక్షరం తప్పనిసరి. 2012 నుంచి కాలిఫోర్నియాలో రెండు భాషల్లో చదవడం, రాయడం చూపించిన హైస్కూలు విద్యార్థి డిప్లొమా మీద ప్రత్యేక ముద్ర వేస్తున్నారు. ఇదీ పిల్లలకు మంచి ప్రోత్సాహం. కానీ ఆదివారం రెండు గంటలు నేర్పి, మిగతా వారమంతా ఇంట్లో ఇంగ్లీషులో గడిపి, అతిథులు వచ్చినప్పుడు పిల్ల చేత వేమన పద్యం అప్పజెప్పించుకుంటే ఆ పిల్లకు తెలుగు ఒక ప్రదర్శనగా మిగిలిపోతుంది. దానికి బదులు ఇంటి బడ్జెట్, కారు మరమ్మతు, అన్నాచెల్లెళ్ల తగవు తెలుగులో జరగనివ్వండి. భాషకు ఇంట్లో పని ఇవ్వండి.

సొంత రాష్ట్రాల్లో ఈ చర్చ ఇంకో రూపంలో నడుస్తోంది. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కువి, కొండ, సవర, కోలామి, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టారు. దేశానికి దారి చూపిన పని అది, అందుకే అది తర్వాత బలహీనపడటం నాకు బాధ కలిగిస్తుంది. 2020లో ఆంధ్రప్రదేశ్, 2022లో తెలంగాణ ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు తెచ్చాయి. ఇంగ్లీషు మీడియం ఎలాగూ వచ్చింది కాబట్టి, తెలుగు పేజీ పక్కన ఉండటం పిల్లకు ఊతమే.

కిందటిసారి శాలిబండ వెళ్లినప్పుడు అక్కడికి దగ్గర్లోని ఒక సర్కారు బడిలో టీచరమ్మ ఈ పుస్తకం నా చేతిలో పెట్టి అడిగింది: "అక్కా, నా క్లాసులో సగం మంది పిల్లల ఇంట్లో ఉర్దూనే. వాళ్లకు ఇటు పేజీ కొత్త, అటు పేజీ కూడా కొత్త. ఎట్ల చెప్పాలె?" ఆమెకు ఉర్దూ మాట వచ్చు, నాలాగే. మేమిద్దరం కూర్చుని ఒక పద్ధతి అనుకున్నాం. పాఠంలోని సంగతి ముందు దక్కనీలో మాట్లాడుకోవాలి. తెలుగు ఇంటి పిల్ల, ఉర్దూ ఇంటి పిల్ల జంటగా కూర్చుని ఒకరి కథను ఒకరు తమ భాషలో తిరిగి చెప్పాలి. ఆ కథ మూడు భాషల్లో రాయాలి, బొమ్మలు వాళ్లవే. ఉర్దూ పేజీ రాయడానికి ఇళ్లలోని దాదీలను, నానీలను బడికి పిలవాలి.

మొదటి పుస్తకం తయారైంది, గల్లీలో తప్పిపోయిన మేకపిల్ల కథ. ఫొటోలు నాకు ఫోన్లో వచ్చాయి. తెలుగులో ఒత్తులు నేను దిద్ది పంపాను. ఉర్దూ పేజీలు సరిచూడటానికి పేటలోనే రిటైరైన ఒక మాస్టారు ఒప్పుకున్నారు. అచ్చు ఖర్చు నేను పెట్టుకుంటాను. టీచరమ్మ ఇప్పుడు రెండో పుస్తకానికి జంటలను ఎంచుతోంది, ఈసారి ఇంట్లో మార్వాడీ మాట్లాడే పిల్లాడు ఒకడు చేరాడట.