గంట ఎవరు కొట్టాలి?

గుడిలో గంట మనం కొడతాం, వచ్చాం స్వామీ, ఇటు చూడమని. ఫోనులో గంట అదే కొడుతుంది, మనం పరుగెత్తాలి. మహానందీశ్వరుడి గుడికి దగ్గర్లో కాపురముంటూ కూడా నేను రోజుకు ఎక్కువసార్లు లేచేది ఈ రెండో గంటకే. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

సంగతేమిటంటే, నాకు తెలుగు వికీపీడియాలో రాసే అలవాటుంది. 2003లో మొదలైన ఆ విజ్ఞానసర్వస్వంలో ఎవరైనా రాయవచ్చు, ఎవరు రాసింది ఎవరైనా దిద్దవచ్చు. నలుగురూ చేరి మాట్లాడుకునే పేజీకి అక్కడ ‘రచ్చబండ’ అని పేరు. ఊళ్ళో రచ్చబండ మీద ఆడవాళ్ళు కూర్చోగా మీరెక్కడైనా చూశారా? ఆ ముచ్చటకే చేరానేమో!

మొదట్లో అబ్బాయి వదిలేసిన పాత కంప్యూటరు మీద రాసేదాన్ని. 2022 ఏప్రిల్ 4న నంద్యాల కొత్త జిల్లా అయ్యాక, చుట్టుపక్కల ఊళ్ళ పేజీల్లో ‘కర్నూలు జిల్లా’ అన్నచోటల్లా దిద్దుతూ కూర్చున్నాను. ఆ ఊపులో మా కోనేటి నీళ్ళు ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంటాయనీ రాశాను. దానికి ఆధారమేమిటని ఎవరో అడిగారు. ఆధారమేమిటి, కార్తికంలో మునిగేది నేను కాదూ! అయితే మునిగినవాళ్ళ మాట అక్కడ చెల్లదు, అచ్చయిన పుస్తకం చూపించాలి. అసలు వాళ్ళు అడిగిన సంగతే ఇరవై రోజులకు గానీ చూసుకోలేదు. పోస్టుమాన్ వచ్చాడేమోనని గడియకోసారి తలుపు తీసి చూసే తీరిక ఏ ఇల్లాలికుంది చెప్పండి?

సెలవులకొచ్చిన అబ్బాయి నా ఫోనులో వికీపీడియా యాప్ పెట్టాడు. “ఎవరన్నా నీ పేరెత్తితే ఇదే పిలుస్తుందిలేమ్మా” అన్నాడు. వికీపీడియాలో ఈ కబురు చెప్పే ఏర్పాటు 2013 నుంచీ ఉన్నదే. కాకపోతే పేజీ తెరిస్తే కనబడే గంట, ఇప్పుడు మూసి ఉన్నా మోగుతుంది.

పుస్తకం వెతికి, పుటతో సహా ఆధారం చేర్చాను. మర్నాడు రాగిసంగటి కెలుకుతుంటే గంట మోగింది. నా మార్పుకు ఎవరో ధన్యవాదాలు తెలిపారట! తెడ్డు వదిలేసి మూడుసార్లు చదువుకున్నాను.

“ఇదేంది, సంగటి ఉండలు కట్టింది?” అన్నారు మావారు.

ముప్ఫై ఏళ్ళు ఉండల్లేకుండా చేస్తే ఒక్కరూ గంట కొట్టలేదు మరి!

అక్కడితో ఆగితే బాగుండేది. రుచి మరిగిన ఫోను ప్రతిదానికీ మోగడం మొదలెట్టింది. ఎక్కడో చీరల తగ్గింపుకో గంట, బంధువుల శుభోదయాలకో గంట. ఏది పిలుపో, ఏది రొదో తెలియకుండా పోయింది. ఒకరోజు కూర్చుని అన్నీ ఆపేశాను. వికీపీడియాలో ఈ సర్దుబాట్లుండే చోటుకు ‘అభిరుచులు’ అని పేరు, ఎంత చక్కని మాటో! అక్కడ నాకు రాసిన ఉత్తరాన్నీ, నన్ను పేరుపెట్టి పిలిచిన పిలుపునీ ఉంచాను. ధన్యవాదాలను కూడా తీసెయ్యలేదు. అంత వైరాగ్యం ఇంకా రాలేదు.

నిన్న రాత్రి సంగటి వెన్నలా కుదిరింది. మావారు చెయ్యి కడుక్కుంటూ, “బాగుండాది” అన్నారు మెల్లగా.

ఏ గంటా మోగలేదు. అయినా వినబడింది.