కొత్త మాత్ర, పాత మాత్ర: గుండె వాల్వు జబ్బు ఉన్న ఇళ్ళవాళ్ళకి ఒక మాట

కాఫీ పళ్ళు ఎరుపెక్కుతున్నాయి, ఏరడానికి మనుషులు దొరకడం లేదు, ఎవరికీ తీరిక లేదని నాకు తెలుసు. ఈ పోస్టు కొంచెం పెద్దదే. రాత్రి తిండి తిని పొయ్యి దగ్గర కూర్చున్నాక నెమ్మదిగా చదువుకోండి. ఈసారి కాఫీ గురించీ కాదు, మిరియం గురించీ కాదు. గుండె గురించి.

మా చెల్లి గుండెలో ఇనప వాల్వు ఉంది. రాత్రి అందరూ పడుకున్నాక ఇల్లు సద్దుమణిగితే పక్కనున్నవాళ్ళకి టిక్ టిక్ అని వినిపిస్తుంది. మొదట్లో పిల్లలు భయపడేవారు. ఇప్పుడు అది వినిపిస్తేనే నిద్రపడుతుందంటారు.

ఆమెకి పది పన్నెండేళ్ళప్పుడు ఒకసారి గొంతు నొప్పి, జ్వరం వచ్చాయి. తర్వాత కొన్నాళ్ళకి మోకాళ్ళు వాచాయి. ఇవాళ మోకాలు, రేపు మోచెయ్యి, ఎల్లుండి చీలమండ. పసరు కట్టారు, తగ్గింది, అందరూ మర్చిపోయారు. ముప్పై దాటాక కాఫీ బస్తా ఎత్తితే ఆయాసం, గట్టు ఎక్కితే ఆయాసం, చివరికి వెల్లకిలా పడుకుంటే కూడా ఆయాసం. విశాఖపట్నం తీసుకెళ్తే ఎకో తీసి చెప్పారు. చిన్నప్పటి ఆ జ్వరమే గుండె వాల్వుని తినేసిందని. ఆరోగ్యశ్రీ మీద ఆపరేషన్ అయ్యింది. 2007లో మొదలైన ఆ పథకమే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. అది లేకపోతే మా పొలం మొత్తం అమ్మినా సరిపోయేది కాదు.

ఆపరేషన్ అయిపోతే కథ అయిపోయిందనుకుంటాం. అయిపోదు. ఇనప వాల్వు మీద రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డ వాల్వుకి అడ్డం పడినా ప్రమాదమే, ఊడి మెదడుకి పోయినా పక్షవాతమే. అందుకని రక్తం పలచన చేసే మాత్ర బతికినన్నాళ్ళూ వెయ్యాలి. అది వార్ఫరిన్ కావచ్చు, ఎసిట్రోమ్ కావచ్చు. తక్కువైతే గడ్డ కడుతుంది, ఎక్కువైతే రక్తం కారుతుంది. సరిగ్గా ఉందో లేదో తేల్చేది ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష. మామూలు మనిషికి అది 1 దగ్గర ఉంటుంది. ఈ మాత్ర వేసుకునేవాళ్ళకి 2కీ 3కీ మధ్య ఉండాలంటారు, కొన్ని వాల్వులకి 2.5 నుంచి 3.5 దాకా. మీ మనిషికి ఎంత ఉండాలో డాక్టరుతో చీటీ మీద రాయించుకోండి.

ఆ పరీక్ష కోసం మా చెల్లి నెలకోసారి కొండ దిగాలి. వాళ్ళ ఊరి నుంచి రోడ్డు దాకా నడక, అక్కడ నుంచి ఆటో, తర్వాత ఘాట్ రోడ్డు మీద బస్సు. తెల్లారకముందు బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరుతుంది. ఆ రోజు కూలి పోయినట్టే. తోడు వెళ్ళినవాళ్ళ కూలీ పోయినట్టే.

మొన్న సీజన్‌లో ఫోన్ చేసింది. "అన్నా, నా వొల్ల కాదు. మందుల షాపాయన చెప్పాడు, కొత్త మాత్ర వచ్చిందట. రక్తపరీక్షే అక్కర్లేదట. ఆకుకూర తిన్నా ఏటీ కాదట. అది ఏసుకుంటాను" అంది. ఆ షాపు ఏదో రాయను, అది ముఖ్యం కాదు. చీటీ లేకుండా పది మాత్రలు అప్పటికే చేతికిచ్చాడు. ఆమె అడిగినదాంట్లో అన్యాయం ఏముంది చెప్పండి? నెలనెలా ఆ దారి తిరిగే మనిషికి ఆ మాట వరంలాగే వినపడుతుంది.

"మాత్ర మార్చకమ్మా, ముందు డాక్టరమ్మని అడుగుదాం" అని చెప్పి ఆ నెల నేనే తోడు వెళ్ళాను. డాక్టరమ్మ ఆ మాత్రలు చూసి పక్కన పెట్టేసింది. "ఇవి వేసుకున్నావా అమ్మా?" అని రెండుసార్లు అడిగింది. లేదంటే అప్పుడు ఊపిరి తీసుకుంది. తర్వాత ఎందుకు వద్దో చెప్పింది. ఇంటికొచ్చాక మా అబ్బాయి ఫోన్లో వెతికి మిగతాది చదివి వినిపించాడు. అదే మీకు చెబుతున్నాను.

ముందు ఒక సంగతి. ఏ మందు మంచిదో డాక్టర్లు ఎలా తేలుస్తారు? మనం విత్తనం తేల్చినట్టే. మంచి మడిలో కొత్త విత్తనం, బండ మడిలో పాత విత్తనం వేసి, చూడు కొత్తదే గొప్ప అంటే మనం ఒప్పుకుంటామా? ఒప్పుకోం. అందుకే పరిశోధన పొలాల్లో ఏ మడికి ఏది అన్నది చీటీ వేసినట్టు పంచుతారు. ఈ పద్ధతి పుట్టిందే పొలంలో. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధన కేంద్రంలో రొనాల్డ్ ఫిషర్ అనే ఆయన 1920లలో దీన్ని నిలబెట్టాడు. క్షయ మందు విషయంలో బ్రిటన్ డాక్టర్లు అదే పద్ధతి మనుషుల మీద వాడి, 1948లో ఫలితం చెప్పారు. అంటే డాక్టర్లు మన రైతుల పద్ధతినే తీసుకున్నారన్నమాట.

ఇప్పుడు మాత్రల సంగతి. ఇనప వాల్వు ఉన్నవాళ్ళకి డబిగాట్రాన్ అనే కొత్త మాత్ర ఇచ్చి, వార్ఫరిన్‌తో పోల్చి చూశారు. ఆ ఫలితం 2013లో వచ్చింది. 252 మంది దాకా చేరాక మధ్యలోనే ఆపేశారు. కొత్త మాత్ర వేసుకున్నవాళ్ళలో నూటికి 5 మందికి పక్షవాతం వచ్చింది. వార్ఫరిన్ వాళ్ళలో ఒక్కరికీ రాలేదు. పైగా రక్తస్రావం కూడా కొత్తదాంట్లోనే ఎక్కువ. అందుకే ఇనప వాల్వుకి పాత మాత్రే అంటారు. మా చెల్లి చేతిలో పెట్టిన కొత్త మాత్ర ఈ జాతిదే.

వాల్వు మార్చకుండా, చిన్నప్పటి జ్వరం వల్ల వాల్వు ముడుచుకుపోయి, గుండె లయ తప్పినవాళ్ళు ఇంకో రకం. మా వదిన వరసావిడ ఒకామెది ఆ జబ్బు. వీళ్ళ కోసం ఇంకా పెద్ద పరిశోధన జరిగింది. దాని పేరు ఇన్విక్టస్. ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికాల్లో 24 దేశాలు. మన దేశం కూడా ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో పనిచేసిన డాక్టర్ గణేశన్ కార్తికేయన్ ముందుండి నడిపించినవాళ్ళలో ఒకరు. 4,531 మంది లెక్కలోకి వచ్చారు. వాళ్ళ సగటు వయసు 50 ఏళ్ళు. నూటికి 72 మంది ఆడవాళ్ళే. సగం మందికి రివరోక్సబాన్ అనే కొత్త మాత్ర, సగం మందికి వార్ఫరిన్ లాంటి పాత మాత్ర.

అందరూ కొత్తదే గెలుస్తుందనో, కనీసం సమానంగా ఉంటుందనో అనుకున్నారు. 2022లో ఫలితం తిరగబడింది. కొత్త మాత్ర వాళ్ళు 2,275 మందిలో 560 మందికి పక్షవాతమో, గుండెపోటో, మరణమో వచ్చింది. పాత మాత్ర వాళ్ళు 2,256 మందిలో అది 446 మందికే. తేడా ఎక్కువగా చావుల్లోనే కనిపించింది. పోనీ పాత మాత్ర వల్ల పెద్ద రక్తస్రావాలు ఎక్కువయ్యాయా అంటే అదీ లేదు.

నన్ను ఆలోచనలో పడేసింది ఇంకొకటి. ఆ పరిశోధనలో పాత మాత్ర వాళ్ళకి రక్తపరీక్ష ఎప్పుడూ సరిగ్గా ఉందనుకోకండి. మొదట్లో మూడోవంతు మందికే హద్దులో ఉంది. తర్వాత కూడా సగానికి కొంచెం పైనే. మనలాంటి వాళ్ళే కదా, బస్సు దొరకని రోజులుంటాయి, వాన రోజులుంటాయి. అయినా పాత మాత్రే మెరుగైంది. ఎందుకు అన్నదాని మీద ఇంకా చర్చ ఉంది. నెలనెలా పరీక్షకి రావడం వల్ల డాక్టరు కంట పడుతుంటారు, అదీ ఒక కారణం కావచ్చని కొందరంటారు.

కొత్త మాత్ర చెడ్డదని నేను చెప్పడం లేదు. ఈ జ్వరంతో సంబంధం లేకుండా, వయసు మీద గుండె లయ తప్పినవాళ్ళకి డాక్టర్లు అదే రాస్తున్నారు, వాళ్ళకి మేలు జరుగుతోంది. ఏ జబ్బుకి ఏ మాత్ర అన్నదే అసలు మాట. మీ ఇంట్లో ఎవరికైనా డాక్టరే కొత్తది రాసి ఉంటే ఈ పోస్టు చూసి ఆపకండి. అడిగి తెలుసుకోండి.

పాత మాత్ర వేసుకునేవాళ్ళు గుర్తుంచుకోవాల్సినవి, మా చెల్లికి చెప్పినవే రాస్తున్నాను. రోజూ ఒకే వేళకి వెయ్యాలి. ఆకుకూర మానక్కర్లేదు, కానీ వానాకాలం వచ్చిందని పూటపూటా ఆకుకూర, వేసవిలో అసలు లేకుండా, అలా కాకుండా ఎప్పుడూ ఒకే తీరున తినాలి. ఒళ్ళు నొప్పులని ఊళ్ళో సూది వేయించుకోకూడదు, నొప్పి మాత్రలు సొంతంగా కొనకూడదు. పసర్లు కూడా చెప్పకుండా తాగకూడదు. జీలుగు కల్లు దగ్గర కూడా జాగ్రత్త. పన్ను పీకించుకునే ముందు చెప్పాలి. కడుపుతో ఉన్నా, కావాలనుకున్నా ముందే డాక్టరుకి చెప్పాలి, ఈ మాత్ర కడుపులో బిడ్డకి హాని చేస్తుంది. చిగుళ్ళ నుంచి రక్తం, నల్లటి విరేచనం, తలకి దెబ్బ, మాట తడబడటం, ఇవి కనిపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు. డోలీ కట్టైనా దింపాలి.

ఇదంతా ఎందుకు వచ్చింది? చిన్నప్పటి గొంతు నొప్పి వల్ల. అయిదు నుంచి పదిహేనేళ్ళ పిల్లలకి ఒక రకం క్రిమి వల్ల గొంతు నొప్పి వస్తుంది. దాన్ని సరిగ్గా మందుతో తగ్గించకపోతే కొందరికి రెండు మూడు వారాల తర్వాత కీళ్ళ జ్వరం వస్తుంది. ఒళ్ళు ఆ క్రిమి మీద చేసే యుద్ధం గుండె వాల్వు మీదకి మళ్ళుతుంది. పిల్లలు ఇరుగ్గా పడుకునే చోట ఈ క్రిమి తొందరగా పాకుతుంది. మన పిల్లలు చదివేది ఎక్కడో మీకు తెలుసు, ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో.

ఉత్తర ఉగాండాలో ఒక పరిశోధన చేశారు. అదీ మనలాంటి పేద ప్రాంతమే. ఏ నొప్పీ లేని బడి పిల్లలకి ఎకో తీసి, వాల్వు అప్పుడే కొంచెం చెడటం మొదలైన 818 మందిని చీటీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ సూది. రెండేళ్ళ తర్వాత చూస్తే సూది వేసిన 399 మందిలో 3 మందికి జబ్బు ముదిరింది. వెయ్యని 400 మందిలో 33 మందికి ముదిరింది. 2021లో వచ్చిన లెక్క ఇది. పెన్సిలిన్ ఎంత పాత మందో, ఎంత చవక మందో చూడండి. మా చెల్లికి ఆ వయసులో అది అంది ఉంటే ఈ టిక్ టిక్ ఉండేది కాదేమో అనిపిస్తుంది నాకు.

గుండె జబ్బు పట్నం వాళ్ళదనుకునే రోజులు పోయాయి. 2003, 2004ల్లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళు తీసుకుని, చనిపోయిన ప్రతి మనిషి ఇంటికీ వెళ్ళి ఎలా పోయారో అడిగి రాసుకున్నారు. 1,354 చావుల్లో నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బులవే. అవన్నీ పల్లెటూళ్ళే. మన కొండల్లో మాత్రం ఇప్పటికీ ఆయాసంతో పోతే "దమ్ము" అని రాసేస్తాం, అంతే.

పరిశోధన అనగానే మనవాళ్ళు భయపడతారు. ఆ భయం ఊరికే రాలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో, భద్రాచలం వైపు గిరిజన ఆడపిల్లలకి ఒక టీకా వేశారు. తల్లిదండ్రులని అడక్కుండా చాలామంది తరఫున హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారని తేలింది. 2010లో ఆపించారు. పార్లమెంటు కమిటీ 2013లో గట్టిగానే తప్పుపట్టింది. తర్వాత రూల్స్ బిగించారు, 2019లో కొత్త నియమాలు వచ్చాయి. కాబట్టి రేపు మీ ఊరికి ఎవరైనా కొత్త మందు పరీక్షిస్తామని వస్తే మీకు తెలిసిన భాషలో చెప్పమనండి. కాగితం తెలుగులో ఇమ్మనండి. చదువురానివాళ్ళు వేలిముద్ర వేసేముందు సాక్షిని పక్కన పెట్టుకోండి. ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు మానుకోవచ్చు, అలా మానుకున్నా మామూలు వైద్యం ఆపకూడదు. ఆ మందు వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. ప్రభుత్వ రిజిస్ట్రీలో ఆ పరిశోధన నమోదైందా అని అడగండి.

అడిగి, నచ్చితే చేరండి కూడా. ఈ వాల్వు జబ్బు ధనిక దేశాల్లో చాలావరకు పోయింది, మిగిలింది మనలాంటి చోట్లే. మన దగ్గర లెక్క చూడకపోతే మనకి ఏది పనిచేస్తుందో ఎవరికీ తెలీదు. ఆ నాలుగున్నర వేల మంది చేరబట్టే ఇవాళ డాక్టర్లు మా వదిన వరసావిడ లాంటివాళ్ళకి గట్టిగా చెప్పగలుగుతున్నారు.

మా చెల్లి పాత మాత్రే వేసుకుంటోంది. కొండ దిగడం మాత్రం ఇంకా ఆమె నెత్తిమీదే ఉంది. వేలు గుచ్చి ఒక చుక్క రక్తంతో ఐఎన్ఆర్ చూసే చిన్న మిషన్లు ఉన్నాయి, షుగరు చూసేదానిలాగే. అలాంటిది మన ఏరియా ఆసుపత్రుల్లో, పీహెచ్‌సీల్లో ఉంటే ఈ తిరుగుడు తప్పుతుంది. వచ్చే గ్రామసభలో మా పంచాయతీ తరఫున అర్జీ పెడుతున్నాం. మీ పంచాయతీలో కూడా పెట్టండి. అర్జీతో పాటు మీ ఊళ్ళో ఈ మాత్ర మీద ఉన్నవాళ్ళు ఎంతమందో లెక్క రాయండి, పేర్లు అక్కర్లేదు. పది ఊళ్ళ లెక్క ఒకచోట చేరితే పాడేరులో అధికారుల ముందు పెట్టడానికి మాటకి బలం ఉంటుంది. మీ ఊరి పేరు, ఎంతమంది అన్నది ఈ పోస్టు కింద రాయండి. సంత రోజు కలిసినప్పుడు చెప్పినా సరే, నేనే రాసుకుంటాను.