వజ్రాలు పెట్టి కాల్చినోడు

మొన్న పులివెందుల నుంచి మా మేనల్లుడు వచ్చి, మంచమ్మీద కాళ్ళు జాపి ఫోన్లో పాత ‘స్టార్ ట్రెక్’ పెట్టుకున్నాడు. సంబరపడి పక్కన చేరాను. అయిదు నిమిషాలు కాలేదు, ‘‘ఏంది మామా, బండలు అట్టముక్కల్తో చేసినట్టుండాయి’’ అన్నాడు. ఆ పూట నాకు సంగటి ముద్ద గొంతు దిగలేదు.

అట్టముక్కలని నాకు తెలీదా? 1966లో మొదలై, 79 ఎపిసోడ్లతో 1969లో మూతబడిన సీరియల్ అది. వారం వారం అంతరిక్ష ఓడను గ్రహమ్మీద దించి చూపించే స్తోమత లేకనే, మనుషుల్ని ఇక్కడ మాయం చేసి అక్కడ తేల్చే యంత్రాన్ని కల్పించుకున్నారు. చేతిలో డబ్బాడకపోతే పుట్టే తెలివి అది. ఎనభైల్లో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో చూసేటప్పుడు నాకా ఇంగ్లీషు సగం కూడా అందేది కాదు. అందులో స్పాక్ అనే పాత్ర చెవులు, పైకి లేచిన ఒంటి కనుబొమ్మ, అంతే చాలు.

నేను తిట్టొచ్చు, వాడు తిట్టకూడదు. మా ఇంటి పప్పులో ఉప్పెక్కువైందని మేమనుకుంటాం, చుట్టమొచ్చి అంటే ఊరుకుంటామా?

నా తిట్లు నాకున్నాయి. అంత విశ్వంలో వాళ్ళకు గట్టిగా గుర్తొచ్చిన మనోడు ఖాన్ నూనియన్ సింగ్, వాడూ విలనే. 1967లో ఆ వేషం కట్టింది మెక్సికోలో పుట్టిన రికార్డో మాంటల్బాన్. బాగా చేశాడు కాబట్టి క్షమించాను. 2013లో వచ్చిన స్టార్ ట్రెక్ సినిమాలో అదే సింగు ఇంగ్లీషు దొర బెనెడిక్ట్ కంబర్‌బాచ్ అయి కూర్చున్నాడు. 1979 స్టార్ ట్రెక్ సినిమాలో బొంబాయి పిల్ల పర్సిస్ ఖంబాటాను పెట్టుకున్నారని మురిసిపోతే, ఆ పిల్లకు గుండు కొట్టించారు. దేవుని కడపలో దణ్ణం పెట్టుకుని కొండెక్కి ఇచ్చే తలనీలాలకు ఒక మొక్కుంటుంది. ఇదేం గుండు?

వీటన్నిటినీ మింగేసే బాధ ఇంకోటుంది. ‘అరీనా’ అని ఒక ఎపిసోడ్. ఓడ కెప్టెన్ కర్క్‌నూ ఒక బల్లిమొహం రాక్షసుణ్ణీ బండల గ్రహమ్మీద వదిలేస్తారు. ఆ బండలు అట్టవి కావు, కాలిఫోర్నియాలో వాస్క్వెజ్ రాక్స్ అనే నిజం గుట్టలు. కర్క్ చేతిలో ఆయుధం లేదు. గంధకం, సురేకారం, బొగ్గు ఏరుకొచ్చి వెదురు బొంగులో దట్టించి ఫిరంగి చేశాడు. శభాష్. గుండ్లకు బదులు ఏం పోశాడో తెలుసా? వజ్రాలు! చుట్టూ గులకరాళ్ళు పెట్టుకుని, పిడికిళ్ళతో వజ్రాలు! నేను ప్రొద్దుటూరు బంగారంగళ్ళ మధ్య పెరిగినవాణ్ణి. గాలికి ముల్లు ఊగుతుందని ఫ్యాను ఆపి, ఊపిరి బిగబట్టి తూకం చూసే ఊరు మాది. ముక్కుపుడకలో రాయి వదులైతే ఇల్లంతా చీపురుతో వెతికి, ఊడ్చిన దుమ్మును జల్లెడ పట్టిన మా జేజి ఆ సీను చూసుంటే, రాక్షసుణ్ణి వదిలేసి కర్క్ వీపు విమానం మోత మోగించేది.

ఇదంతా చెబితే మేనల్లుడు నవ్వాడు. మరుసటి రోజు వాణ్ణి జమ్మలమడుగు బస్సెక్కించి, అక్కణ్ణుంచి ఆటోలో గండికోట తీసుకుపోయాను. పెన్న ఎర్రమల కొండను చీల్చుకుపోయే అంచున నిలబెట్టి, ‘‘గ్రహమంటే ఇట్లుండాల’’ అన్నాను. వాడు సెల్ఫీ తీసుకున్నాడు.

ఫిరంగి కథ ఈ కోటకూ ఉంది. 1652లో తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను వెతుక్కుంటూ ఇక్కడికొచ్చాడు. కోట పట్టుకున్న మీర్ జుమ్లా, గుళ్ళలోని విగ్రహాలు కరిగించి ఫిరంగులు పోతపొయ్యమని ఒక ఫ్రెంచివాడికి పురమాయించాడట. కొన్ని విగ్రహాలు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదని తావెర్నియే రాసిపెట్టాడు. మాధవరాయ గుడి గోపురం ఇప్పటికీ నిలబడే ఉంది. దాని నీడలో చాలాసేపు కూర్చున్నాను. కరగని ఆ విగ్రహాలు ఏమైపోయాయో. కొలిమి దగ్గర తిత్తులు ఊదినవాళ్ళు ఈ చుట్టుపక్కల పల్లెలవాళ్ళే అయ్యుంటారు. ఆ రాత్రి ఇంటికిపోయి పెండ్లాలతో ఏమని చెప్పుకున్నారో.